వాన కార్డు, దున్నపోతు కార్డు

కొత్తలంక, ఏడో వరుస. వడపోత గది నమోదు పలక. రాసేది గవర్రాజు.

నమోదు 8114. గాలి మార్పుకు 31 రోజులు.

గాలి ఒత్తిడి మామూలుగానే ఉంది. ఒకటి, రెండు, నాలుగు జల్లెడలు దులిపాను. మూడోది కడిగి ఆరబెట్టాను. అందులో ఎవరిదో చెవిదిద్దు దొరికింది. పోగొట్టుకున్నవాళ్ళు ఆనవాలు చెప్పి తీసుకెళ్ళవచ్చు.

ఈ పలకలో సొంత విషయాలు రాయకూడదని మొదట్లోనే ఉంది. ఇరవై ఆరేళ్ళుగా రాయలేదు. రాయడానికి సొంత విషయమంటూ ఒకటుంటే కదా! ఇప్పుడుంది. పై అధికారి చదివితే చదవనీ, ఆయనకీ కాస్త కాలక్షేపం.

యాభై ఎనిమిదేళ్ళ వయసులో నాకు పెళ్ళి కుదిరింది. ఇదే మొదటిది. ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. పెళ్ళికూతురు హైమావతి గారు. ఐదో వరుసలో నీళ్ళ పంపులు చూస్తారు. వయసు యాభై మూడు, భర్త పోయి పన్నెండేళ్ళు. ఆవిడ పంపు గదికీ నా వడపోత గదికీ మధ్య ఒక గొట్టం ఉంది. రెండేళ్ళుగా ఆ గొట్టం బాగుచేసే వంకతో వెళ్ళి వస్తున్నాను. దానికి ఏ రోగమూ లేదని ఆవిడకి మొదటి నెలలోనే తెలిసిపోయిందట. మొన్న చెప్పి నవ్వారు. నిన్న తాంబూలాలు పుచ్చుకున్నాం.

మా ఊళ్ళో తమలపాకు పండదు. తొలి ఓడల్లో భూమి వదిలి వచ్చిన పెద్దలు ఆకూ వక్కా దొరక్క, తమ దగ్గరున్న అపురూపమైన వస్తువునే మార్చుకున్నారు. ఆ వస్తువు కార్డు. ఓడలో పంచిన ఉప్మా పొట్లం ఒక్కోదానిలో ఒక్కో కార్డు వచ్చేది, వదిలి వచ్చిన నేల మీద ఉండేదేదో దాని బొమ్మతో. సైకిలు, కాకి, సముద్రం, చింతచెట్టు, అలా మొత్తం అరవై. అప్పట్నుంచీ మా దగ్గర తాంబూలమంటే మా కార్డు వాళ్ళింటికి, వాళ్ళ కార్డు మా ఇంటికి. పెళ్ళినాడు జీలకర్ర బెల్లానికి ముందు రెండూ ఒకే పళ్ళెంలో పెట్టి ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్యాలి. మధ్యలో కార్డు పోతే తాంబూలం జారిందంటారు. సంబంధం అక్కడితో సరి. నా చిన్నప్పుడు రెండో వరుసలో ఒకరి కార్డు పొయ్యి మీద పడి కాలిపోతే, పందిరి వేశాక కూడా పెళ్ళి ఆపేశారు. ఇంకో మాట. తాంబూలానికీ పెళ్ళికీ మధ్య ఇరువైపులా కార్డుల ఊసెత్తకూడదు. దిష్టి.

హైమావతి గారు నాకిచ్చింది వాన కార్డు. అరవైలోకీ అదే అరుదు, ఊరు మొత్తం మీద మూడున్నాయంటారు. నేనిచ్చింది దున్నపోతు కార్డు. అవి గంపెడున్నాయి.

ఇద్దరివీ చూసి హైమావతి గారి అన్నయ్య అబ్బులు ఊరుకోలేదు. "మా వాన పోయి పోయి దున్నపోతు మీద కురిసిందర్రా!" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేస్తాం, కార్డు అదే, మనిషీ అదే.

నమోదు 8116. గాలి మార్పుకు 29 రోజులు.

ఒత్తిడి మామూలే. నా ఒంట్లో మాత్రం కాదు.

గాలి కమిటీ ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళో ఉన్న పాత కార్డులన్నిటికీ, ఊరి గాలంతా వదిలి కొత్తది నింపే గాలి మార్పు రోజు లోపల అంకె వేయించాలి. ఒకటి నుంచి పది దాకా. ఒకటి, రెండు వస్తే చివికిపోయిందని అర్థం, కొలిమిలో వేస్తారు. మూడు నుంచి ఏడు దాకా వస్తే గాలి చొరని గాజు పెట్టెలో బిగించి ఇంటికి ఇచ్చేస్తారు. ఎనిమిది, ఆ పైన వస్తే ఊరి ఆస్తి, పెద్దల్ని తెచ్చిన మూల ఓడలోని భాండాగారానికి పంపుతారు. ఇచ్చినవాళ్ళకి మెచ్చుకోలు పత్రం. అంకె లేకుండా ఇంట్లో దొరికితే కొలిమే. అంకె పెంచుకోవడానికి కార్డుని దిద్దినట్టు తేలితే జప్తు.

నేను ఈ ఉత్తర్వుని తప్పుపట్టలేను. పోయినేడు నాలుగో వరుసలో వరి మడులు వారంలో నల్లబడ్డప్పుడు జల్లెడల నుంచి ఆ నల్ల బూజు నలభై రోజులు కడిగింది నేనే. అది పాత కాగితంలోంచి లేచిందని కనిపెట్టిందీ ఈ గదిలోనే.

అయితే నా చేతిలో ఉన్నది పరాయి ఇంటి వాన. తొమ్మిది వస్తే మూల ఓడకి పోతుంది. పెళ్ళి పళ్ళెంలో పెట్టడానికి నా దగ్గర మెచ్చుకోలు పత్రం మిగులుతుంది. అది చూసి అబ్బులు ఊరుకుంటాడా? గాలి మార్పు మర్నాడే పెళ్ళి.

నమోదు 8117. గాలి మార్పుకు 28 రోజులు.

మరలు చూసే భూతద్దం తెచ్చి వాన కార్డుని పొద్దున్నంతా చూశాను. అంకె వేసేవాళ్ళు నాలుగు చూస్తారట. బొమ్మ నడిమధ్యన ఉందా, అంచులు చెరిగాయా, మూలలు నలిగాయా, పైపొర మీద గీతలున్నాయా అని. ఊళ్ళో అందరూ తమ కార్డులకి లోపం లేకపోతే బాగుండునని చూసుకుంటుంటే, నేనొక్కణ్ణీ ఎక్కడన్నా ఓ గీతైనా ఉండకపోతుందా అని వెతుకుతున్నాను.

లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎనభై ఏళ్ళ కార్డు, నిన్న పొట్లంలోంచి తీసినట్టుంది. బొమ్మలో పెంకుటింటి చూరు నుంచి నీళ్ళు తీగల్లా దిగుతున్నాయి, కింద ఒక బిందె పెట్టి ఉంది. మేమెవరం వాన చూసినవాళ్ళం కాదు. నా దృష్టిలో పైనుంచి నీళ్ళు పడుతున్నాయంటే ఎక్కడో గొట్టం పగిలినట్టు లెక్క. అయినా దాన్ని చూస్తుంటే కళ్ళు తిప్పుకోబుద్ధి కాలేదు.

మా అక్క అచ్చియ్యమ్మ వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది. నన్ను పెంచిందీ, నాతో ఉంటున్నదీ ఆవిడే.

"ఏంట్రా, పెళ్ళికూతుర్ని కూడా ఇంత పరీక్షగా చూళ్ళేదు నువ్వు!"

"లోపాలు వెతుకుతున్నానే."

"దొరికాయా?"

"లేవు."

"మరి సంతోషించక ఆ మొహమేంటి? ఆముదం తాగినట్టు!"

సంగతి చెప్పాను. "గోటితో ఓ మూల చిన్నగా గీరితే?" అంది.

"దిద్దినట్టు తెలిస్తే జప్తు. పైగా పరాయివాళ్ళ సొత్తు. నా చేత్తో నేను గీరనా?"

"అదీ నిజమే" అని అక్క వడియాలు తిప్పడానికి వెళ్ళిపోయింది. ఏ కష్టమొచ్చినా ఆవిడ వడియాల టైము తప్పదు.

నమోదు 8121. గాలి మార్పుకు 24 రోజులు.

మిగతా జల్లెడలన్నీ దులిపాను. ఐదోది దులపలేదు. ఎందుకు దులపలేదో కూడా రాస్తాను.

మొన్న వాన కార్డుని ఐదో జల్లెడ వెనక దాచాను. తనిఖీకి వచ్చేవాళ్ళకి గాలి దారుల సంగతి ఏం తెలుసు? నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. దాచేసి, పెళ్ళినాడు తీసి పళ్ళెంలో పెట్టి, ఆ తర్వాత వాళ్ళిష్టం అనుకున్నాను. రెండు రోజులు బాగానే ఉంది. ఇవాళ పొద్దున ఐదో జల్లెడ అంచున ఒక నల్ల చుక్క కనిపించింది.

నా ప్రాణం పోయింది. ఆ జల్లెడ గుండా వెళ్ళే గాలి పసిపిల్లల గదికి పోతుంది. చుక్కని గీరి అద్దం కింద పెట్టి చూస్తే అక్క వడియాల్లో వేసే జీలకర్ర. ఎలా ఎగిరొచ్చిందో దేవుడికెరుక. ఇరవై ఆరేళ్ళు అందరి గాలీ కడిగినవాణ్ణి, నా పెళ్ళి కోసం పిల్లల గాలిలో పాత కాగితం పెట్టానా? సిగ్గేసింది. కార్డు తీసి ఇంటికి పట్టుకెళ్ళాను. ఐదో జల్లెడ రెండుసార్లు కడిగాను.

కాబట్టి అంకె వేయించాల్సిందే. ఇక ఎలా వేయించాలన్నదే మిగిలింది.

(పలక అంచున ఎర్ర అక్షరాలతో: సొంత విషయాలు రాయరాదు. జల్లెడలో ఏదైనా దాచడం నేరం. ఈసారికి చూడలేదనుకుంటాను. కార్డు సంగతి ఏం చేశారు? — పై అధికారి)

నమోదు 8124. గాలి మార్పుకు 21 రోజులు.

ఒత్తిడి మామూలే.

అంకె వేయించడానికి రెండు దారులున్నాయి. ఒకటి యంత్రం. కార్డు పెడితే గంటలో తేల్చేస్తుంది, దయాదాక్షిణ్యం ఉండదు. రెండోది చేతి పరీక్ష. ఈ ఉత్తర్వుకి ముందు నుంచీ కార్డులకి వెల కట్టే పరీక్షకుడు దేవసహాయం గారు స్వయంగా చూస్తారు, మనం చెప్పేది వింటారు. దానికి పది రోజులు వరసలో ఆగాలి. దేవసహాయం గారు మెత్తని మనిషి, చేతి పరీక్షలో ఓ అంకె ఎక్కువే వస్తుందని ఊరంతా అటు ఎగబడుతోంది.

నాకెందుకా మెత్తదనం? చిన్నప్పుడు బళ్ళో కూడా నాకెప్పుడూ కఠినమైన మాస్టారు కావాలనిపించలేదు. ఇప్పుడు కావాలనిపిస్తోంది. యంత్రానికే ఇస్తాను. మన కంటికి కనపడని లోపమేదో దానికి కనపడకపోతుందా అని ఆశ.

మధ్యాహ్నం హైమావతి గారు గదికి వచ్చారు. ఈసారి గొట్టం బాగులేదని ఆవిడే అన్నారు. ఇద్దరం గంభీరంగా గొట్టాన్ని తట్టి చూశాం. కార్డుల ఊసెత్తకూడదు కదా, నేను జల్లెడల గురించి మాట్లాడాను. ఆవిడ మాత్రం గది నాలుగు వైపులా చూస్తూ, "మీ గది భలే పొడిగా ఉంటుందండీ. మా పంపుల దగ్గరైతే గోడలు కూడా చెమటలు పడతాయి" అన్నారు.

"మరేనండీ. తేమ ఉంటే జల్లెడలు పాడైపోవూ?"

"ఆ రేకు డబ్బా ఏంటి?"

"మరలూ, మేకులూనండి. తేమ పీల్చే గుళికలు కూడా వేస్తాను అందులో. ముఖ్యమైనవన్నీ దాంట్లోనే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నేను పనిలో చేరిన రోజు నుంచీనండి."

ఆవిడ డబ్బా మూత తీసి లోపల చూశారు, వాసన కూడా చూశారు. ఆ తర్వాత, "ఇరవై ఆరేళ్ళు" అని తనలో తాను అనుకుని వెళ్ళిపోయారు. టీ కూడా తాగలేదు. నేనేదో తప్పు మాట అన్నానేమోనని సాయంత్రం దాకా కొట్టుకున్నాను. రేకు డబ్బా మీద ఎవరికైనా అంత ఆసక్తి ఏంటి?

నమోదు 8136. గాలి మార్పుకు 9 రోజులు.

ఇవాళ జల్లెడలు దులపలేదు. సెలవు పెట్టాను. యంత్రానికి నా వంతు ఇవాళ వచ్చింది, వివరంగా రాస్తాను.

పొద్దున నేను లేచేసరికి వాన కార్డుని శుభ్రమైన గుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంచమని అక్కకి నిన్ననే చెప్పాను. చుట్టి ఉంచింది. నేను విప్పి చూడలేదు. విప్పితే చేతి చెమట అంటుకుంటుందని భయం. యంత్రాన్ని చూసేదీ దేవసహాయం గారే కాబట్టి, ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి గుడ్డ మూట పెట్టాను. ఆయన తెల్ల తొడుగులు వేసుకుని, మెల్లగా విప్పారు. విప్పి, కార్డు వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ కార్డు వైపు చూశారు.

నాలుగు మూలలా పసుపు.

పచ్చని, తడిపి రాసిన, వేలి ముద్ర కూడా కనిపించే పసుపు. ఎనభై ఏళ్ళుగా ఈగ వాలని కార్డుకి, మా అక్క తన కుండీలో పండించుకున్న పసుపుకొమ్ము అరగదీసి, శుభలేఖకి పెట్టినట్టు నాలుగు మూలలా అద్దింది.

జప్తు అనే మాట ఒక్కటే బుర్రలో తిరుగుతోంది. హైమావతి గారి మొహం కళ్ళ ముందు కనిపించింది.

"ఇదెవరండీ పెట్టింది?" అన్నారు దేవసహాయం గారు.

"మా అక్కండి. పెళ్ళి తాంబూలమండి అది. గడప దాటి వెళ్తోంది కదా అని... దిద్దాలని కాదండి, ఒట్టు. ఆవిడకి ఈ అంకెల గొడవ సగమే అర్థమైంది."

ఆయన ఉత్తర్వు తీసి వేలు పెట్టి చదివారు. "అంకె పెంచుకొనుటకై చేసిన మార్పు. పెంచుకొనుటకై అని ఉంది. పదకొండేళ్ళుగా ఈ బల్ల దగ్గర ఉన్నాను. మూలలకి రంగులేసినవాళ్ళని చూశాను, తెల్లపిండి రాసినవాళ్ళని చూశాను. అంకె తగ్గేలా కార్డుకి పసుపు పెట్టి తెచ్చినవారిని మిమ్మల్నే చూస్తున్నాను. ఇది దిద్దడం కిందికి రాదు. మరక కిందికి వస్తుంది."

"బూజు..."

"పసుపుకీ బూజుకీ పడదు. మీకు తెలియనిదేముంది?"

యంత్రంలో పెట్టారు. గంట అన్నది రెండు గంటలైంది. యంత్రం మూలల దగ్గర ఆగి ఆగి చూస్తోంది, దానికీ ఇలాంటిది ఎప్పుడూ తగల్లేదు కాబోలు. ఆఖరికి అంకెలు వచ్చాయి. నడిమధ్య తొమ్మిది. అంచులు తొమ్మిది. పైపొర తొమ్మిది. మూలలు నాలుగు. నాలుగింటిలో ఏది తక్కువో, మొత్తం అంకె దానికన్నా రెండుకి మించి ఎక్కువ ఉండకూడదట.

"ఆరు" అన్నారు దేవసహాయం గారు. "గాజు పెట్టె. ఇంటికి పట్టుకెళ్ళండి."

"ఆ పసుపు లేకపోతేనండీ?"

"ఈపాటికి మూల ఓడ సంచిలో ఉండేది."

నాకు ఏడుపొచ్చేసింది. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, వరసలో ఇరవై మంది ముందు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. వెనకాల ఒకాయన, "తక్కువొచ్చినట్టుంది పాపం" అన్నాడు.

దేవసహాయం గారు పెట్టె నా చేతికిస్తూ, "ఈ నెలంతా మీ ఏడో వరుసతోనూ, ఐదో వరుసతోనూ సరిపోతోంది నాకు" అన్నారు. ఆయన ఎందుకు నవ్వారో నాకు పట్టలేదు.

ఇంటికి వచ్చి అక్క కాళ్ళకి దండం పెట్టాను.

"లేవరా, ఏమైందిప్పుడు?"

"పసుపెందుకు పెట్టావే తల్లీ!"

"బాగుందిరా అడగడం! శుభకార్యం కార్డు పసుపు లేకుండా గడప దాటితే ఏమైనా బాగుంటుందా? అమ్మ లేదు, చెప్పేవాళ్ళెవరూ లేరని నేనే పెట్టాను." ఆరు అంకె చూపిస్తే పెదవి విరిచింది. "పదికి ఆరేనా? నేను చక్కగానే పెట్టానే!"

నమోదు 8138. గాలి మార్పుకు 7 రోజులు.

జల్లెడలన్నీ దులిపాను. ఒత్తిడి మామూలే.

రెండు రోజులు హాయిగా నిద్రపోయాను. ఆ హాయి ఇవాళ అన్నం తినేటప్పుడు అక్క చేతిలో పోయింది.

"ఒరేయ్, మరి మన దున్నపోతు సంగతేంటి?"

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నిజం చెప్తున్నాను, ఇన్నాళ్ళూ నాకు ఆ ఆలోచనే రాలేదు. వాన కార్డు ఒక్కటే కార్డన్నట్టు తిరిగాను. నా దున్నపోతు హైమావతి గారి దగ్గర ఉంది. ఆ ఉత్తర్వు ఆవిడకీ వర్తిస్తుంది.

ఆ కార్డు ఎలాంటిదో నాకు తెలుసు. ఎనిమిదేళ్ళప్పుడు దాన్ని మూడు మడతలు పెట్టి మంచం కోడు కింద ఎత్తు కోసం పెట్టాను. మడత దగ్గర చినిగితే అమ్మ అన్నం మెతుకులతో అంటించింది. ఒక కొమ్ము సగం లేదు. దానికి ఒకటి వస్తే గొప్ప. అన్నం మెతుకులు కనిపిస్తే బూజుకి విందు అని అప్పటికప్పుడే కొలిమిలో వేస్తారు. హైమావతి గారు ఏ మొహంతో నాకు ఖాళీ పళ్ళెం చూపిస్తారు? ఆవిడకా కష్టం తెచ్చిపెట్టింది నేనే. ఇంట్లో అక్క దగ్గర చక్కటి చింతచెట్టు కార్డు ఉండగా, నాది నాదే అని ఆ దున్నపోతుని ఇచ్చాను.

అడుగుదామంటే ఊసెత్తకూడదు. పైగా నా వైపు నుంచి ఇంకో దోషం. ఆవిడ అమ్మగారు దాచిన వాన మీద మా ఇంటి పసుపు మరకలు. గాజు పెట్టెలో బిగించేశారు, తుడవడానికి కూడా లేదు.

"అన్నం తినరా, అయ్యేది అవుతుంది" అంది అక్క. తినలేకపోయాను.

నమోదు 8145. గాలి మార్పు రోజు.

ఉదయం ఆరింటికి పాత గాలి వదిలి, కొత్త గాలి నింపడం మొదలుపెట్టాం. పది జల్లెడలూ మార్చాను. ఒత్తిడి రెండుసార్లు తగ్గి, పది గంటలకి నిలబడింది. జనమంతా ముక్కుకి గుడ్డలు కట్టుకుని నడవాల్లో కూర్చున్నారు. తనిఖీవాళ్ళు మా ఇల్లు చూసి, గాజు పెట్టె మీద ఆరు చూసి, దాటి వెళ్ళిపోయారు.

పదకొండింటికి హైమావతి గారు వచ్చారు. ఊపిరి అందడం లేదు, నడిచి కాదు, పరిగెత్తి వచ్చినట్టున్నారు.

"గొట్టమా అండీ?" అన్నాను.

"గొట్టమూ లేదు, గోంగూరా లేదు. ఇంక నేను ఆగలేనండీ. దిష్టి తగిలితే తగలనీ." కొంగు కింద నుంచి ఒక గాజు పెట్టె తీసి నా బల్ల మీద పెట్టారు.

దున్నపోతు. ఒకటిన్నర కొమ్ములతో, నడుం మీద మా అమ్మ మెతుకుల అతుకుతో, అలాగే నా వైపు చూస్తోంది. పెట్టె మీద మూడు.

"మూడా! దీనికి మూడెలా వచ్చిందండీ?"

హైమావతి గారు స్టూలు మీద కూర్చున్నారు. "యంత్రానికిస్తే కొలిమే అని నాకు తెలుసు. చేతి పరీక్షకి పెట్టాను. పది రోజులు వరసలో ఉన్నాను. ఆయన అతుకు చూడగానే, అన్నం మెతుకులమ్మా, ఇది బతకదు అన్నారు. నేనొప్పుకోలేదు. బూజు ఎక్కడుందో చూపించండి, చూపిస్తే నేనే కొలిమిలో వేస్తాను అన్నాను."

"చూశారా?"

"మూడు అద్దాలు మార్చి చూశారు. ఒక్క చుక్క లేదు. ఇదెలా సాధ్యం అన్నారు. అప్పుడు మీ రేకు డబ్బా గురించి చెప్పాను. కార్డు ఇరవై ఆరేళ్ళు అందులోనే తేమ పీల్చే గుళికల మధ్య ఉందని, అంతకు ముందు మీ అమ్మగారి ఇనప్పెట్టెలో ఉందని. మీ అక్కగారిని అడిగి తెలుసుకున్నాలెండి. రూపం రెండే, కానీ శుభ్రానికి ఒకటి కలుపుతున్నాను అన్నారాయన."

అక్క! నాతో ఒక్క ముక్క అనలేదు. పైగా మన దున్నపోతు సంగతేంటని నన్నే అడిగి, అన్నం తినకుండా చేసింది. సాయంత్రం ఆవిడ సంగతి చెప్తాను.

"మీ కార్డు కొలిమిలో పడితే మీకు ఏం చెప్పాలో తెలీక అంకె పడేదాకా నిద్ర లేదండీ నాకు" అన్నారు హైమావతి గారు. "ఒకసారి పోగొట్టుకున్నదాన్ని. ఇంకోసారి నా చేతిలోంచి జారిపోతే నేను తట్టుకోలేను."

నేను అలమారా తీసి వాన పెట్టె ఆవిడ చేతిలో పెట్టాను. ఇక దాచి లాభం లేదు. "ముందే చెప్తున్నానండీ, నన్ను తిట్టండి, మా అక్కని మాత్రం ఏమీ అనకండి."

ఆవిడ పెట్టెని దగ్గరికి తీసుకుని చూశారు. ఒక మూల చూశారు, రెండో మూల చూశారు.

"దీన్ని మా అమ్మ ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు" అన్నారు. "నన్ను కూడా. నా మొదటి పెళ్ళికి తాంబూలంలో దీన్ని పెట్టమంటే, నలిగిపోతుందని కాకి కార్డు పెట్టింది. అమ్మ పోయాక నా చేతికొచ్చినా, నాదని ఎప్పుడూ అనిపించలేదు. ఎవరో దాచుకోమని ఇచ్చినట్టుండేది." గాజు మీంచి పసుపు ముద్రని బొటనవేలితో తడిమారు. "ఇది వదిన గారి వేలేనా?"

"మరేనండీ."

"ఎంత నిండుగా పెట్టారో! ఇప్పుడిది మనింటి కార్డులా ఉంది."

పెట్టె కళ్ళకద్దుకున్నారు. ఆ తర్వాత ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం, నవ్వుకున్నాం, టీ పెట్టుకుని తాగాం. నెల రోజులుగా గుండె మీద కూర్చున్న బరువు ఎటుపోయిందో! గాలి మార్పు ఊరికి ఇవాళ జరిగింది కానీ, నాకు మాత్రం హైమావతి గారు వచ్చాకే ఊపిరాడింది.

నమోదు 8147. కొత్త గాలి రెండో రోజు.

నిన్న పెళ్ళి. అందుకే నిన్నటి నమోదు లేదు.

జీలకర్ర బెల్లానికి ముందు రెండు గాజు పెట్టెలూ ఒకే పళ్ళెంలో పెట్టారు. అబ్బులు కళ్ళజోడు సర్దుకుని రెండూ ఎత్తి ఎత్తి చూశాడు. అంకెలు చదివాడు, పసుపు చూశాడు, అతుకు చూశాడు. లెక్క సరిపోయిందని తల ఊపి, పాత హాస్యం మళ్ళీ ఎత్తుకున్నాడు. "మొత్తానికి దున్నపోతు మీద వాన కురిపించారు!"

మా అక్క ఊరుకుంటుందా? "అబ్బులూ, మీ తాతకి భూమ్మీద గేదెలుండేవి కదా, నీకా మాత్రం తెలీదా? వానొస్తే అందరూ ఇళ్ళలోకి పరిగెడతారు. దాని కిందే హాయిగా పడుకుని లేవనంటుంది దున్నపోతు!" అంది. ఈసారి నవ్వుల్లో అబ్బులు గొంతే అందరికన్నా పైన ఉంది. పై అధికారి గారు కూడా వచ్చారు. చివరి వరసలో కూర్చుని, వడియాలు రెండుసార్లు వడ్డించుకుని, "పలకలో చదివిన దానికన్నా బాగుంది" అని వెళ్ళారు.

ఆచారం ప్రకారం ఎవరి కార్డు వాళ్ళు తీసుకున్నాం. హైమ తన పెట్టె తీసుకొచ్చి నా పెట్టె పక్కన అలమారాలో పెట్టింది. తనని అండీ అనొద్దంది. నాకింకా అలవాటు కాలేదు.

గాలి ఒత్తిడి మామూలు. పది జల్లెడలూ శుభ్రం. చెవిదిద్దు కోసం ఇప్పటికీ ఎవరూ రాలేదు.

ఐదో వరుసకీ ఏడో వరుసకీ మధ్య గొట్టం: లోపం ఏమీ లేదు. ఇక వెళ్ళి చూడనక్కర్లేదు.